వండే రోజు వేరు, పరిగెత్తే రోజు వేరు: ఆఫీసుతో పాటు ఇంటి తిండి, రన్నింగ్ రెండూ నిలబెట్టుకునే పద్ధతి

రాత్రి 8:40 అయింది, షూస్ ఇంకా కాళ్లకే ఉన్నాయి, ఫ్రిజ్ తలుపు తీసి నిలబడ్డా. లోపల సగం కోసి వదిలేసిన క్యాబేజీ, ఎప్పుడు పెట్టానో గుర్తులేని పెరుగు, తొక్క గట్టిపడిపోయిన నిమ్మకాయ ఒకటి. అప్పుడే నాలుగు కిలోమీటర్లు పరిగెత్తి వచ్చా, ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి, ఇప్పుడు బియ్యం కడిగి పప్పు పొయ్యి మీద పెట్టి ఎప్పటికి తినేది అనుకుని పక్కనున్న బిస్కెట్ ప్యాకెట్ చింపి అక్కడే నిలబడి మొత్తం లాగించేశా. తర్వాత లెక్కేసుకుంటే నవ్వొచ్చింది. పరుగులో ఖర్చయ్యేది సుమారుగా కిలో బరువుకి కిలోమీటరుకి ఒక కేలరీ, అంటే 60 కిలోల మనిషి 4 కిలోమీటర్లు పరిగెడితే 240, మామూలు తీపి బిస్కెట్లు 100 గ్రాములు తింటే 450 పైనే.

ఆ తర్వాతి వారం పంతం పట్టి రోజూ వండుకున్నా, ఆ వారం మొత్తం షూస్ ముట్టుకోలేదు. ఇలా ఒక వారం వంట, ఒక వారం పరుగు, మధ్యలో రెండూ లేని వారాలు బోలెడు, ఏడాది పైనే గడిచింది. నాకే పట్టుదల లేదేమో అనుకునేవరకు వెళ్లా గానీ అసలు సంగతి చాలా చిన్నది, ఆఫీసు నుంచి వచ్చాక మిగిలే ఆ ఒక్క గంటన్నర కోసం వంటా పరుగూ రెండూ కొట్టుకుంటున్నాయి, అందులో రెండూ పట్టవు అంతే. అందుకని ఒక రూలు పెట్టుకున్నా: పరిగెత్తే రోజు అన్నం తప్ప కొత్తగా వండేది ఏమీ ఉండదు, వండే రోజు పరుగు ఉండదు. కింద రాసిందంతా ఈ రూలు చుట్టూనే.

1. ముందు ఒక వారం ఏమీ మార్చకుండా రాసుకోండి

ఇది చాలామంది దాటేసే స్టెప్పు. ఏడు రోజులు ఇంటికి ఎన్నింటికి చేరారు, రాత్రి ఎన్నింటికి తిన్నారు, ఏం తిన్నారు, ఎన్నింటికి పడుకున్నారు, ఈ నాలుగే ఫోన్‌లో నోట్ చేసుకోండి, వారం అయ్యాక చూడండి. నా లిస్టులో నాకు తెలీని విషయం ఒకటి బయటపడింది, సోమ గురువారాల్లో మీటింగులు సాయంత్రం దాకా సాగుతాయి, ఆ రెండు రోజులూ నేను ఏ ప్లాన్ వేసినా బోల్తా కొట్టేది, అయినా ప్రతి సోమవారం "ఈ రోజు నుంచే మొదలు" అని కూర్చునేవాళ్లలో నేనొకణ్ణి. మీకు ఏ రోజులు చచ్చుబడి ఉంటాయో ముందు తెలియాలి. ఆ రోజుల మీద వంటా వెయ్యకండి, పరుగూ వెయ్యకండి.

2. వారాన్ని పంచుకోండి

మూడు రోజులు పరుగు, రెండు రోజులు వంట, మిగతా రెండూ ఖాళీ. నాది ఇలా ఉంటుంది: మంగళవారం, శుక్రవారం చిన్న పరుగులు, ఆదివారం పెద్ద పరుగు. శనివారం పెద్ద వంట, బుధవారం రాత్రి చిన్న వంట. సోమ, గురు పరుగు లేదు, వంట లేదు, ఉన్నది వేడి చేసుకుని తినడమే. పెద్ద పరుగుకి ముందురోజే పెద్ద వంట పెట్టుకోవడంలో ఒక లాభం ఉంది, ఆదివారం పరిగెత్తి వచ్చేసరికి డబ్బాలో భోజనం రెడీగా ఉంటుంది, స్నానం చేసి తినడమే. దీన్ని తిరగేసి ఆదివారం పొద్దున పరుగు, సాయంత్రం వంట అని కూడా చేసి చూశా, మధ్యాహ్నం పడుకుంటే లేచేసరికి చీకటి పడేది, వంట గోవింద.

ఇంట్లో ఇంకొకరు ఉంటే పని సులువు, మీరు పరిగెత్తే రోజు వాళ్లు వంట, వాళ్లకి వేరే పనున్న రోజు మీరు. కాకపోతే ఇది మాటల్లో కాకుండా ఫ్రిజ్ మీద కాగితం అంటించి రాసుకుంటేనే నడుస్తుంది, లేకపోతే "నువ్వు చేస్తావనుకున్నా" దగ్గర ఆగుతుంది.

3. ఎంత పరిగెత్తాలి

పెద్దవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ఏంటంటే వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థంగా కష్టపడే వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టిగా కష్టపడేది, దీంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకి పని. పరుగు రెండో కోవలోకి వస్తుంది. అంటే వారానికి మూడుసార్లు 25 నిమిషాలు పరిగెడితే కింది గీత దాటినట్టే. ఉద్యోగం చేసే మనిషికి ఇది అందని లెక్కేం కాదు.

అస్సలు అలవాటు లేనివాళ్లు నడక కలిపి మొదలెట్టండి, ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. అమెరికా ఒలింపిక్ రన్నర్ జెఫ్ గాలోవే 1974 నుంచీ కొంచెం పరుగు కొంచెం నడక అనే పద్ధతే నేర్పుతూ వచ్చాడు. సోఫాలోంచి లేచి 5 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లే 9 వారాల ప్లాన్ 1996లో జోష్ క్లార్క్ తయారుచేసిందే, అందులోనూ వారానికి మూడు రోజులే, మొదటి వారంలో ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక. నేనూ అలాగే మొదలెట్టా, మూడో వారంలో మూడు నిమిషాలు ఆగకుండా పరిగెత్తమంటే ప్రాణం పోయినట్టుండేది, అది వేరే కథ.

వేగం సంగతి ఒకటే గుర్తుంచుకోండి, పక్కన ఎవరైనా ఉంటే పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట తెగి తెగి వస్తోందంటే మీరు ఎక్కువ వేగంలో ఉన్నారు. పెద్ద పెద్ద ఎండ్యూరెన్స్ అథ్లెట్ల, అంటే ఎక్కువసేపు సాగే పోటీల్లో దిగేవాళ్ల ట్రైనింగ్‌ని గమనించిన స్టీఫెన్ సీలర్ అనే పరిశోధకుడు చెప్పిందీ ఇదే, వాళ్ల సెషన్లలో సుమారు 80 శాతం తేలిక వేగంలోనే ఉంటాయి. మరి ఆఫీసులో ఎనిమిది గంటలు కూర్చుని వచ్చిన మనం ప్రతి పరుగునీ పరీక్షలా ఎందుకు పరిగెత్తాలి? నిదానంగా పరిగెడితే ఇంకో లాభం, మర్నాడు ఒళ్లు నొప్పులతో ఆఫీసుకి ఈడ్చుకుంటూ వెళ్లక్కర్లేదు. దూరం పెంచేటప్పుడు వారానికి పది శాతం లోపు పెంచడం మంచి అంచనా, నాలుగో వారం కొంచెం తగ్గించండి. షూస్ 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య మార్చుకోవాలి, కొన్న తేదీ లోపల నాలుక మీద పెన్నుతో రాసుకుంటే తర్వాత గుర్తు చేసుకునే బాధ ఉండదు.

గుండె జబ్బు, షుగర్ లాంటివి ఉన్నవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడిగాకే మొదలెట్టండి.

4. వంట రోజు, అసలు కథ ఇక్కడే

శనివారం రెండు గంటలు. పూర్తి వంటలు చేసి పెట్టుకుంటే మూడో రోజుకి మొహం మొత్తుతుంది, నేను మొదట్లో ఒకే కూర ఆరు డబ్బాల్లో సర్దేవాణ్ణి, బుధవారానికి మూత తెరిస్తేనే విసుగొచ్చేది. అందుకని ఇప్పుడు సగం వంట చేసి పెడతా, అంటే ఉడకాల్సినవి ఉడికించి, తరగాల్సినవి తరిగి, రుచి మాత్రం తినే రోజున.

శుక్రవారం రాత్రి పడుకునే ముందు శనగలో రాజ్మానో నానేయాలి, ఇది మర్చిపోతే శనివారం మొత్తం కుంటుతుంది, అందుకే పళ్లు తోముకునే టైముకి అలారం పెట్టా. రాజ్మా విషయంలో ఒక జాగ్రత్త, అందులో సహజంగా ఉండే ఒక విషపదార్థం పచ్చిగా, లేదా సరిగ్గా ఉడక్కుండా తింటే వాంతులు తెప్పిస్తుంది. నానిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు కుతకుతా మరగాలి, తక్కువ సెగ మీద గంటలకొద్దీ ఉడికించే స్లో కుక్కర్లో పచ్చివి నేరుగా వెయ్యకూడదు. ప్రెషర్ కుక్కర్లో ఈ బాధ లేదు, లోపల ఆవిరి ఒత్తిడికి నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆగకుండా 120 దాకా వెళ్తాయి, త్వరగానూ ఉడుకుతాయి, పూర్తిగానూ ఉడుకుతాయి.

శనివారం నా వరస చెప్తా. కుక్కర్ పొయ్యెక్కించి, అది కూతలు పెట్టేలోపు ఉల్లిపాయలు ఆరేడు తరిగేస్తా. కళ్లు మండుతాయి, ఏం చేస్తాం, ఒకేసారి ఏడుపు, వారమంతా ఏడవక్కర్లేదు. వెడల్పాటి మూకుడులో ఉల్లిపాయలు రంగు మారేదాకా వేయించి, వెల్లుల్లి, టమాటాలు వేసి, నూనె అంచుల దగ్గర తేలేదాకా మగ్గబెడతా, ఇరవై నిమిషాలు పడుతుంది, మధ్యమధ్యలో గరిటె తిప్పుతూ ఉండటమే. ఈ ముద్ద చల్లారాక మూడు చిన్న డబ్బాల్లోకి వెళ్తుంది, రెండు ఫ్రిజ్‌లో, ఒకటి ఫ్రీజర్‌లో. వారం మధ్యలో ఈ ముద్దలో ఉడికిన శనగలు వేస్తే ఒక కూర, గుడ్లు పగలగొట్టి వేస్తే ఇంకో కూర, పప్పులో కలిపితే మూడోది, ఒక్కోటి పది నిమిషాల పని. ఇంకో పొయ్యి మీద పప్పు, ఆరు గుడ్లు. క్యారెట్, బీన్స్, క్యాబేజీ లాంటి గట్టివి తరిగి పొడిగా డబ్బాల్లో పెట్టొచ్చు, ఆకుకూరలు మాత్రం కడక్కుండా, తరక్కుండా గుడ్డలో చుట్టి పెడతా, కడిగిన ఆకు రెండో రోజుకే జిగురొస్తుంది.

ఇక అన్నం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను ఒకసారి దెబ్బతిన్నా, రాత్రి వండిన అన్నం పొయ్యి మీదే వదిలేసి పొద్దున వేడి చేసుకుని తిన్నా, మధ్యాహ్నానికల్లా ఆఫీసు బాత్రూమ్‌కే పరిమితం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, ఉడికించినా అవి చావవు, వండిన అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ బయట ఉంటే మొలకెత్తి పెరిగి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి వండగానే వెడల్పు పళ్లెంలో పరిచి, గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లోకి, మర్నాటికి తినెయ్యాలి. అంతకంటే ఎక్కువ రోజులకైతే ఫ్రీజరే. నేనైతే అన్నం మాత్రం వారానికి సరిపడా వండి పెట్టను, కుక్కర్లో పెట్టి స్నానానికి వెళ్తే అయిపోయే పనికి అంత రిస్కు దేనికి?

మిగతా వంటలకి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలతలే పాటించండి, వండినది రెండు గంటలకి మించి బయట ఉండకూడదు, ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు, మళ్లీ వేడి చేస్తే మధ్యలో కూడా 70 డిగ్రీలు దాటేలా, అంటే పొగలు కక్కేలా. పప్పు, కూరలు మూడు రోజులకి మించి నేను ఫ్రిజ్‌లో ఉంచను, అందుకే బుధవారం చిన్న వంట. డబ్బా మీద టేప్ అంటించి తేదీ రాయండి, "నిన్నటిదే అనుకుంటా" అనే మాట వంటింట్లో పనికిరాదు.

5. ఎప్పుడు తిని ఎప్పుడు పరిగెత్తాలి

పొద్దున్నే పరిగెత్తేవాళ్లకి పెద్దగా ఇబ్బంది లేదు. 30, 40 నిమిషాల తేలిక పరుగుకి ఖాళీ కడుపుతో వెళ్లినా పర్లేదు, నీరసంగా అనిపించేవాళ్లు అరగంట ముందు ఒక అరటిపండు తింటే చాలు. పొద్దున పరుగు నిజానికి ముందురోజు రాత్రే మొదలవుతుంది, బట్టలు, సాక్సులు, తాళంచెవి ఒకే చోట పెట్టుకోకపోతే చీకట్లో సాక్సు కోసం వెతుకుతూనే మళ్లీ మంచం ఎక్కేస్తాం.

సాయంత్రం పరిగెత్తేవాళ్లు జాగ్రత్తగా ఉండాల్సింది 5 గంటల దగ్గర. మధ్యాహ్నం ఒంటిగంటకి తిన్నది ఏడింటికి ఎక్కడ ఉంటుంది? అలా ఆకలితో పరిగెడితే ఫ్రిజ్ ముందు నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. ఆకలి రుచెరగదు అంటారు గదా, అది బిస్కెట్లకీ వర్తిస్తుంది. పరుగుకి గంట ముందు ఏదైనా చిన్నది, పండో, రెండు ముక్కల బ్రెడ్డో, గుప్పెడు ఖర్జూరాలో తినండి. నూనె, పీచు ఎక్కువ ఉన్నవి ఆ టైములో వద్దు, కడుపులో గడబిడ. పూర్తి భోజనం చేస్తే మాత్రం రెండు మూడు గంటలు ఆగాలి.

ఆదివారం పెద్ద పరుగు గంటన్నర దాటితే లెక్క మారుతుంది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్, అంటే ఒళ్లు దాచుకున్న పిండిపదార్థం, అంతా కలిపి అర కిలో అటూ ఇటూ, గట్టిగా పరిగెడితే గంటన్నర, రెండు గంటల్లో అడుగంటుతుంది. అప్పుడు దారిలో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి, మోస్తరు అరటిపండులో 25 దాకా ఉంటుంది. నీళ్లు దాహాన్ని బట్టి తాగండి, భయపడి లీటర్లు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది.

6. కంచంలో ఏముండాలి

సగం కూరగాయలు, పావు అన్నమో రొట్టో, పావు ప్రొటీన్. పరిగెత్తిన రోజు అన్నం వాటా కొంచెం పెంచండి, పరిగెత్తని రోజు కూరలు పెంచండి. కూరగాయలు పళ్లు కలిపి రోజుకి కనీసం 400 గ్రాములు, ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను. ఇంట్లో వండుకుంటే ఉప్పు చెయ్యి మనదే కాబట్టి ఈ రెండోది కాస్త తేలిక, ఊరగాయల డబ్బా దూరంగా ఉంచితే ఇంకా తేలిక.

ఎక్కువమంది తగ్గించి తినేది ప్రొటీనే. కూర్చుని ఉండే మనిషికి కిలో బరువుకి రోజుకి 0.8 గ్రాములు చాలంటారు, క్రమంగా పరిగెత్తేవాళ్లకి 1.2 నుంచి మొదలెడతారు, 60 కిలోలుంటే రోజుకి 72 గ్రాములు. రెండు గుడ్లు 12, గట్టిగా ఉడికిన పప్పు 200 గ్రాములు తింటే 18 దాకా, ఉడికిన శనగలు 150 గ్రాములకి 13, పెరుగు పావు కిలోకి 8 పైన. అన్నం, రొట్టె, గింజలు, పాలు కూడా కలుపుకుంటే ప్రొటీన్ పొడి డబ్బాలేం కొనకుండానే చేరిపోవచ్చు, కానీ ప్రతి పూటా ఏదో ఒకటి ఉండాలి, రాత్రికి ఒకేసారి తీరుద్దామంటే కుదరదు. ఇంకొకటి, పప్పులు ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టాలంటే పైన నిమ్మకాయ పిండుకోండి, భోజనం అవ్వగానే టీ తాగే అలవాటుంటే గంట వెనక్కి జరపండి, టీ ఐరన్‌ని అడ్డుకుంటుంది.

బరువు తగ్గాలని పరుగు పెంచుతూ తిండి బాగా తగ్గించేవాళ్లని చూస్తుంటా, దయచేసి ఆ పని చెయ్యకండి. ఖర్చుకి తగ్గ తిండి లేకపోతే ఎముకలు, హార్మోన్లు, రోగనిరోధక శక్తి అన్నీ దెబ్బతింటాయి, ఆడవాళ్లకి నెలసరి తప్పడం దీని గుర్తుల్లో ఒకటి, అలాంటప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

7. ఆఫీసులో

మధ్యాహ్నం డబ్బా తీసుకెళ్లండి, అంతకంటే పెద్ద చిట్కా లేదు. రాత్రి వడ్డించుకునేటప్పుడే ముందు డబ్బాకి తీసి పక్కన పెట్టి తర్వాత కంచంలో పెట్టుకోండి, తిన్నాక మిగిలింది సర్దుదామంటే మిగలదు. డ్రాయర్‌లో వేయించిన శనగలు, పల్లీలు ఒక సీసా ఉంటే పరుగు లేని రోజు 5 గంటలప్పుడు ఆదుకుంటుంది. కాఫీ ఆఖరిది మధ్యాహ్నమే అయిపోవాలి, కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, సాయంత్రం 5కి తాగితే పదింటికి ఇంకా సగం తిరుగుతూనే ఉంటుంది. ఏడు గంటల నిద్ర లేకుండా పొద్దున పరుగు కోసం లేవడం కంటే ఆ రోజు పడుకోవడమే మేలు అని నా అభిప్రాయం, దీనికి నన్ను తిట్టే రన్నర్లు ఉన్నారు.

8. వారం చేతులెత్తేసినప్పుడు

చేతులెత్తేస్తుంది, అందులో అనుమానం లేదు. డెడ్‌లైన్ వస్తుంది, ఇంట్లో ఎవరికో జ్వరం వస్తుంది, శనివారం ఎవరో వస్తారు. ఆ వారాలకి ముందే చిన్న వెర్షన్ ఒకటి నిర్ణయించుకోండి. నా చిన్న వెర్షన్: రెండు పరుగులు, ఒక్కోటి 20 నిమిషాలు, ఇంటి గుమ్మం నుంచి పది నిమిషాలు వెళ్లి వెనక్కి తిరగడం. వంటంటే ఒకే గిన్నెలో బియ్యం, పప్పు, తరిగిన కూరగాయలు వేసి కుక్కర్ పెట్టడం, పైన గుడ్డు. ఫ్రీజర్‌లో దాచిన ఆ మూడో డబ్బా ముద్ద ఇలాంటి వారం కోసమే.

ఒక రోజు తప్పితే అంతా పోయిందనుకోవద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మంది కొత్త అలవాట్లని గమనిస్తే, అలవాటు స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా, మధ్యలో ఒక్కసారి తప్పినందువల్ల పెద్ద తేడా ఏమీ రాలేదు. 21 రోజుల్లో అయిపోతుందని చెప్పేవాళ్ల మాట విని ఇరవై రెండో రోజున నిరాశపడకండి.

మోకాలి కింద ముందు ఎముక వెంబడి నొప్పి వస్తుంటే వారం పది రోజులు నడకకి మారండి. ఛాతీలో నొప్పి, కళ్లు చీకట్లు కమ్మడం లాంటివైతే అక్కడే ఆగి వెంటనే వైద్యం తీసుకోవాలి, ఇంటికి వెళ్లాక చూద్దాం అనుకోవద్దు.

మొన్న మంగళవారం కూడా రాత్రి 8:40కే ఇల్లు చేరా, షూస్ కాళ్లకే ఉన్నాయి, ఫ్రిజ్ తెరిచా. టేప్ మీద "శని" అని రాసిన శనగల డబ్బా, పక్కన ఉల్లి టమాటా ముద్ద. కుక్కర్లో అన్నం పెట్టి స్నానానికి వెళ్లా.